మద్యం, ఔషధాల పరస్పర చర్య

మద్యం, ఔషధాల పరస్పర చర్య అనగా వైద్యుడు వ్రాసి ఇచ్చిన మందులు వాడుతున్న కాలంలో మద్యం సేవించుట వలన శరీరంలో కలిగే మార్పులు. దీని వలన మందు ప్రభావం ప్రమాదకరంగా పెరగవచ్చు, పనిచేయనంతగా తగ్గవచ్చు, లేదా మందులో గానీ మద్యంలో గానీ విడిగా లేని కొత్త విషలక్షణాలు పుట్టవచ్చు. మద్యమంటే ఇక్కడ విస్కీ, బ్రాందీ, బీరు మాత్రమే కాదు. కల్లు, సారా, గుడుంబాలతో పాటు ఆల్కహాలు గల కొన్ని టానిక్కులు, ఆయుర్వేద అరిష్టాలు కూడా ఈ కోవలోకి వస్తాయి.

తెలంగాణలో ఈ సమస్యకు మరొక ముఖం ఉన్నది. వైద్యుని చీటీ మీద మాత్రమే అమ్మవలసిన నిద్రమాత్రల మందును కల్లులోనే కలిపి అమ్మిన సందర్భాలు ఇక్కడ అనేకం. అటువంటి కల్లు తాగినవారు ఏ మందుల దుకాణానికీ వెళ్ళకుండానే, తమకు తెలియకుండానే, మద్యాన్నీ ఔషధాన్నీ కలిపి సేవించినవారవుతారు.

పేరులోనే ఉన్న చిక్కు

తెలుగులో "మందు" అనే మాటకు ఔషధమనీ, మద్యమనీ రెండర్థాలు వాడుకలో ఉన్నాయి. "ఆయన మందు వేసుకున్నాడు" అన్న వాక్యం ఏ అర్థంలో అన్నదో సందర్భం తెలిస్తే తప్ప చెప్పలేము. హైదరాబాదు పాతబస్తీ ఉర్దూలో కూడా ఇదే స్థితి. "దారూ" అనే పారశీక పదానికి మూలార్థం ఔషధం. "దవాదారూ" అంటే వైద్యం, చికిత్స. అదే "దారూ" ఒంటరిగా వాడితే సారాయి.

పాతబస్తీకి ఆగ్నేయాన ఉన్న కంచన్‌బాగ్‌లో ఈ చిక్కు బాగా కనిపిస్తుంది. ఇక్కడ రక్షణ పరిశోధనాశాలలైన డి.ఆర్.డి.ఎల్., డి.ఎం.ఆర్.ఎల్.లతో పాటు మిశ్ర ధాతు నిగమ్ (మిధాని), భారత్ డైనమిక్స్ కర్మాగారాలు ఉన్నాయి. వాటిలో పనిచేయుటకు దేశం నలుమూలల నుండి వచ్చినవారు, తెలుగు కుటుంబాలు, తరతరాలుగా ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఇరుగుపొరుగున నివసిస్తున్నారు. ఒవైసీ ఆసుపత్రి, అపోలో డి.ఆర్.డి.ఓ. ఆసుపత్రి రెండూ ఇక్కడి డి.ఎం.ఆర్.ఎల్. చౌరస్తా ప్రాంతంలోనే ఉన్నాయి. ఇటువంటి చోట ఒకే పూట రెండు మూడు భాషలలో రోగులను ప్రశ్నించవలసి వస్తుంది.

ఇంకొక ఇబ్బంది ఏమనగా, తెలంగాణ గ్రామాలలో కల్లును చాలామంది మద్యంగా లెక్కించరు. అది చలువ చేస్తుందనీ, చెట్టు నుండి వచ్చినది గనుక హాని లేదనీ నమ్ముతారు. స్త్రీలు, వృద్ధులు కూడా కల్లు తాగుట అక్కడ వింత కాదు. "మందు అలవాటు ఉందా?" అని అడిగితే రోజూ సాయంత్రం కల్లు తాగే వృద్ధురాలు "లేదు" అని చెప్పుట ఆమె దృష్టిలో అబద్ధం కాదు. మరోవైపు మతరీత్యా గానీ, కుటుంబ మర్యాదరీత్యా గానీ మద్యం నిషిద్ధమైన ఇళ్ళలో, ఎవరికైనా ఆ అలవాటు ఉంటే భార్యాబిడ్డల ఎదుట వైద్యునికి చెప్పుట కష్టం. మొదటి సందర్భంలో కల్లు, బీరు, సారా అని పేరుపేరునా అడగాలి. రెండవ సందర్భంలో రోగిని ఒంటరిగా అడగాలి. ఈ రెండు జాగ్రత్తలు లేకపోతే చీటీ మీద వ్రాసే "మద్యం నిషిద్ధం" అన్న సూచన చేరవలసిన వారికి చేరదు.

శరీరంలో జరిగేది

తాగిన ఆల్కహాలులో అధికభాగం కాలేయంలో విచ్ఛిన్నమవుతుంది. మొదట ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము దానిని ఎసిటాల్డిహైడుగా మారుస్తుంది. ఇది విషపదార్థం. తరువాత ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ దానిని హానిలేని ఎసిటేటుగా మారుస్తుంది. అతిగా తాగేవారిలో సైటోక్రోమ్ పి-450 కుటుంబానికి చెందిన సి.వై.పి.2ఇ1 అనే మరొక ఎంజైము కూడా ఎక్కువగా ఉత్పత్తి అయి ఈ పనిలో పాల్గొంటుంది. అనేక ఔషధాలు కూడా కాలేయంలోని ఇటువంటి ఎంజైముల ద్వారానే విచ్ఛిన్నమవుతాయి. అందువలన ఒకసారి ఎక్కువగా తాగినప్పుడు కొన్ని మందులు శరీరంలో నిలిచిపోతాయి. ఏళ్ళ తరబడి తాగేవారిలో అవే మందులు త్వరగా ఖర్చయిపోతాయి. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, ఎసినోకొమరాల్ మందుల విషయంలో ఈ రెండు ధోరణులూ కనిపిస్తాయి. ఒక్క రాత్రి అతిగా తాగితే రక్తస్రావం కలగవచ్చు, నిత్యం తాగితే మందు చాలకపోవచ్చు. మోతాదును రక్తపరీక్ష చూసి నిర్ణయించే ఇటువంటి మందులతో తాగుడు ఉన్నప్పుడు పరీక్ష ఫలితం ఏ రోజుకు ఆ రోజు మారిపోతుంది.

ఆల్కహాలు ఎంతసేపు శరీరంలో ఉంటుందన్నది చాలామంది తక్కువగా అంచనా వేసే విషయం. 42.8 శాతం ఆల్కహాలు గల విస్కీ 30 మి.లీ.లో సుమారు 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. 5 శాతం గల 650 మి.లీ. బీరు సీసాలో సుమారు 25 గ్రాములు. సగటు మనిషి కాలేయం గంటకు 7 నుండి 10 గ్రాముల వరకే తొలగించగలదు. కనుక ఒక క్వార్టరు, అనగా 180 మి.లీ. తాగినవారి శరీరం శుభ్రపడుటకు ఆరు నుండి ఎనిమిది గంటలకు పైగా పడుతుంది. రాత్రి ఎనిమిదికి తాగి, పదకొండుకు మాత్ర వేసుకుని, "మధ్యలో మూడు గంటలు ఆగాను కదా" అనుకొనుటలో అర్థం లేదు. మజ్జిగ, నిమ్మరసం, చన్నీటి స్నానం ఈ వేగాన్ని పెంచలేవు.

నిద్రమాత్రలు, మత్తుమందులు

అన్నిటిలోకీ ప్రాణాపాయం ఎక్కువగా ఉన్న కలయిక ఇదే. ఆల్ప్రజోలం, డయజెపాం, లోరజెపాం, క్లోనజెపాం వంటి బెంజోడయజెపీన్ మందులు మెదడులో "గాబా" అనే రసాయనం చేసే శాంతపరిచే పనిని బలపరుస్తాయి. ఆల్కహాలు కూడా అదే గ్రాహకాల మీద పనిచేస్తుంది. రెండూ కలిసినప్పుడు మత్తు గాఢమై, శ్వాసను నడిపే మెదడు కేంద్రం మందగిస్తుంది. నిద్రలో వాంతి అయి అది ఊపిరితిత్తులలోకి పోవుట మరొక అపాయం. ట్రమడాల్, కోడీన్, మార్ఫీన్ వంటి నొప్పి మందులకూ ఇది వర్తిస్తుంది. వయసు మళ్ళినవారిలో శరీరంలోని నీటిభాగం తగ్గుట వలన అదే పెగ్గు రక్తంలో ఎక్కువ సాంద్రతకు చేరుతుంది. మందు కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. రాత్రివేళ మూత్రానికి లేచి పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకొనుట ఈ వయసులో చిన్న విషయం కాదు.

ఈ కలయిక ప్రపంచ న్యాయచరిత్రలోనూ చోటు చేసుకున్నది. 1975లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో కేరెన్ ఆన్ క్విన్లన్ అనే 21 ఏళ్ళ యువతి, కొద్దిరోజులుగా సరిగా తినకుండా ఉండి, డయజెపాం మీద మద్యం తీసుకున్న తరువాత శ్వాస ఆగి కోమాలోకి వెళ్ళింది. కృత్రిమ శ్వాసయంత్రాన్ని తొలగించుటకు ఆమె తల్లిదండ్రులు కోరిన అనుమతిని 1976లో ఆ రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానం మంజూరు చేసింది. యంత్రం తొలగించిన తరువాత కూడా ఆమె స్పృహ లేకుండానే 1985 వరకు జీవించింది.

భారతదేశంలో ఆల్ప్రజోలం, డయజెపాం మందులు 2014 మార్చి 1 నుండి అమలులోకి వచ్చిన షెడ్యూల్ ఎచ్-1 జాబితాలో ఉన్నాయి. వీటిని అమ్మే దుకాణదారు రోగి పేరు, చీటీ వ్రాసిన వైద్యుని వివరాలు, ఇచ్చిన పరిమాణం ప్రత్యేక పుస్తకంలో నమోదు చేసి మూడేళ్ళు భద్రపరచాలి. మాదకద్రవ్యాల నిరోధక చట్టం కూడా వీటికి వర్తిస్తుంది.

తెలంగాణలో కల్తీ కల్లు

ఈతచెట్టు, తాటిచెట్టు గీసి తీసిన నీర తీయగా ఉంటుంది. అది గంటల వ్యవధిలోనే పులియుట మొదలై కల్లు అవుతుంది. ఒక రోజులో దానిలోని ఆల్కహాలు సుమారు 4-5 శాతానికి చేరుతుంది. చెట్ల సంఖ్య తగ్గి గిరాకీ మిగిలినచోట, ముఖ్యంగా పట్టణాలలో, కొద్దిపాటి కల్లుకు నీరు, చక్కెర లేదా శాకరిన్ చేర్చి పరిమాణం పెంచడం మొదలైంది. అలా పలచబడినదానికి మత్తు తెప్పించుటకు క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, ఆల్ప్రజోలం వాడుతూ వచ్చారు. ఇది ఇంటి మాత్రలను నలిపి కలిపే వ్యవహారం కాదు. పొడి రూపంలో అక్రమంగా తయారుచేసి సరఫరా చేసేవారిని ఎక్సైజ్, పోలీసు శాఖలు పలుమార్లు పట్టుకున్నాయి.

క్లోరల్ హైడ్రేట్ 1832లో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ తయారు చేసినది. 1869లో లీబ్రైక్ దానిని నిద్రమందుగా ప్రవేశపెట్టాడు. అది శరీరంలో ట్రైక్లోరోఇథనాల్‌గా మారుతుంది. ఆల్కహాలు, ఈ పదార్థం ఒకదాని విసర్జనను మరొకటి అడ్డుకుంటాయి. కనుక రెండింటి మత్తు కలిపినదానికంటే కలయిక మత్తు ఎక్కువ. వైద్యంలో మూలపడిన ఈ మందు కల్లు కుండలో బ్రతికి ఉండుట విచిత్రమే.

హైదరాబాదు నగరంలో 2004లో మూసివేసిన కల్లు దుకాణాలను తెలంగాణ ఏర్పడిన తరువాత 2014లో తిరిగి తెరిచారు. గీత కార్మికుల జీవనోపాధి ఇందుకు చెప్పిన ప్రధాన కారణం. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద అధికారులు దాడులు ముమ్మరం చేయగా నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనుకోని పరిణామం కలిగింది. రోజూ కల్తీ కల్లు తాగేవారికి మత్తుమందు ఒక్కసారిగా అందకపోవుటతో వణుకు, భ్రాంతులు, మూర్ఛలు, అసంబద్ధ ప్రవర్తన మొదలై వారు గుంపులుగా ఆసుపత్రులకు చేరారు. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ విధించినప్పుడు కూడా హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవారు వాంతులు, విరేచనాలు, రక్తపోటు పడిపోవుట వంటి లక్షణాలతో నిమ్స్, గాంధీ ఆసుపత్రులలో చేరగా వారిలో పలువురు మరణించారు. ఆ దుకాణాల కల్లులో ఆల్ప్రజోలం కలిసినట్లు ఎక్సైజ్ అధికారులు వెల్లడించారు.

వైద్యం దృష్టితో చూస్తే ఇందులో ఒక ముఖ్యమైన విషయం ఉన్నది. కల్తీ కల్లుకు అలవాటు పడినవారు రెండు పదార్థాలకు బానిసలు. ఇంట్లో బంధించి "రెండు రోజులు ఓర్చుకుంటే పోతుంది" అని హఠాత్తుగా మాన్పించుట ప్రమాదకరం. ఆల్కహాలు గానీ, బెంజోడయజెపీన్ గానీ ఒక్కసారిగా ఆగిపోతే మూర్ఛలు వచ్చి మరణం సంభవించవచ్చు. ఆసుపత్రిలో ఇటువంటివారికి క్లోర్‌డయజెపాక్సైడ్, డయజెపాం లేదా లోరజెపాం ఇచ్చి క్రమంగా తగ్గించుకుంటూ వస్తారు. అనగా కల్లులో విషమైన తరగతి మందే లెక్క ప్రకారం ఇస్తే చికిత్స అవుతుంది. ఆ మాత్రలు ఇంటికి ఇచ్చిన తరువాత వాటి మీద మళ్ళీ తాగితే కథ మొదటికి వస్తుంది. మరొక జాగ్రత్త కూడా చెప్పవలసి ఉన్నది. కల్లు తాగి వచ్చినవారికి నిద్రపట్టడం లేదని మామూలు మోతాదులో నిద్రమాత్ర ఇచ్చినా, కడుపులో అదే మందు ముందే ఉండవచ్చు.

డైసల్ఫిరాం

మద్యంతో కలవకూడదనే ఉద్దేశంతోనే వాడే మందు డైసల్ఫిరాం. రబ్బరు పరిశ్రమలో వాడే ఈ రసాయనాన్ని డెన్మార్కుకు చెందిన హాల్డ్, యాకబ్సన్ నులిపురుగుల మందుగా పరీక్షిస్తూ తామే మింగారు. ఆపై మద్యం తీసుకున్నప్పుడు తమకు కలిగిన అస్వస్థతను గమనించి, 1948లో తమ పరిశీలనలు ప్రచురించారు. ఈ మందు ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్‌ను అడ్డుకుంటుంది. ఫలితంగా ఎసిటాల్డిహైడు రక్తంలో పేరుకుని ముఖం ఎర్రబారుట, గుండెదడ, తీవ్రమైన తలనొప్పి, వాంతులు, రక్తపోటు పడిపోవుట సంభవిస్తాయి. మందు మానిన తరువాత కూడా రెండు వారాల వరకు ఈ ప్రతిచర్య రావచ్చు.

మన సమాజంలో దీనికి సంబంధించి ఒక దురలవాటు ఉన్నది. భర్త తాగుడుతో విసిగిన ఇల్లాలికి ఎవరో ఈ మాత్రల సంగతి చెబుతారు. ఆమె పప్పులోనో, పెరుగన్నంలోనో అతనికి తెలియకుండా కలిపి పెడుతుంది. ఆమె కష్టం ఎంత నిజమైనదైనా ఈ పద్ధతి ప్రాణాంతకం. ఏమీ తెలియని మనిషి ఎప్పటివలె పూర్తి మోతాదు తాగుతాడు. గుండెజబ్బు ఉన్నవాడైతే ఆ రాత్రి గడవకపోవచ్చు. అస్వస్థతతో తెచ్చినప్పుడు వైద్యునికీ కారణం తెలియదు. డైసల్ఫిరాంను గుండె, కాలేయం పరీక్షించి, రోగికి పూర్తిగా వివరించి, అతని సమ్మతితో, చివరిసారి తాగి కనీసం 12 గంటలు గడిచిన తరువాతే మొదలుపెట్టాలి.

యాంటీబయాటిక్కులు

"యాంటీబయాటిక్ వాడుతూ తాగితే చచ్చిపోతారు" అన్నది జనంలో ఉన్న నమ్మకం. ఇది సగమే నిజం. ఎమాక్సిసిలిన్ వంటి సాధారణ మందులకు మద్యంతో అటువంటి ప్రత్యక్ష ప్రతిచర్య లేదు. రోగంలో తాగుట వలన కోలుకొనుట ఆలస్యమవుతుందన్నది వేరే విషయం. విరేచనాలకు, చిగుళ్ళ వాపుకు విరివిగా ఇచ్చే మెట్రోనిడజోల్, టినిడజోల్ మందులు డైసల్ఫిరాం వంటి ప్రతిచర్య కలిగిస్తాయని చిరకాలంగా హెచ్చరిస్తున్నారు. 2002లో ఫిన్లాండులో 12 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన ఒక చిన్న ప్రయోగంలో మెట్రోనిడజోల్‌కు ఆ ప్రతిచర్య కనిపించలేదు. అయినా హెచ్చరికను తొలగించలేదు. చికిత్స ముగిసిన తరువాత మూడు రోజుల వరకు తాగరాదన్న సూచన పాటించుటే క్షేమం. ఆసుపత్రులలో సూదిమందుగా ఇచ్చే సెఫోపెరజోన్ విషయంలో మాత్రం ఈ ప్రతిచర్య సందేహం లేనిది.

క్షయవ్యాధి మందులు వేరుగా చెప్పుకోవలసినవి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయానికి భారమే. చికిత్స కనీసం ఆరు నెలలు. తాగేవారిలో కామెర్ల ప్రమాదం ఎక్కువ. అంతకంటే ముఖ్యంగా, తాగిన రోజులలో మాత్రలు మరచిపోవుట వలన మందులకు లొంగని క్షయ తలెత్తవచ్చు. రిఫాంపిసిన్ వలన మూత్రం నారింజరంగులో ఉండుట సహజం, దానిని చూసి భయపడి మందు మానరాదు. కళ్ళు పచ్చబడుట, ఆకలి పూర్తిగా చచ్చిపోవుట, వాంతులు కనిపిస్తే వెంటనే వైద్యుని కలవాలి.

మధుమేహం, నొప్పులు, ఇతర మందులు

ఆల్కహాలు కాలేయం కొత్తగా చక్కెర తయారుచేయకుండా అడ్డుకుంటుంది. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ వాడేవారు ఖాళీ కడుపుతో తాగితే కొన్ని గంటల తరువాత రక్తంలో చక్కెర ప్రమాదస్థాయికి పడిపోవచ్చు. అప్పుడు కలిగే చెమట, తూలుడు, మాట తడబాటు, స్పృహ తప్పుట అచ్చంగా తాగినమత్తు వలెనే ఉంటాయి. పైగా నోటి నుండి వాసన వస్తూనే ఉంటుంది. "తాగి పడుకున్నాడులే" అని వదిలేసిన మనిషి తెల్లవారేసరికి లేవకపోవుట ఈ విధంగానే జరుగుతుంది. గ్లూకోమీటరుతో ఒక చుక్క రక్తం చూస్తే తేలిపోయే విషయమిది. మెట్‌ఫార్మిన్ వాడుతూ అతిగా తాగేవారిలో అరుదుగా రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది.

పారాసిటమాల్ మామూలు మోతాదులో సురక్షితమైన మందే. నిత్యం తాగేవారిలో మాత్రం పైన చెప్పిన సి.వై.పి.2ఇ1 దీనిని విషపదార్థంగా మార్చే వేగం పెరుగుతుంది. ఆ విషాన్ని నిర్వీర్యం చేసే గ్లూటాథయోన్ నిల్వలు పోషకాహార లోపం వలన తగ్గి ఉంటాయి. తలనొప్పికి ఒకటి, ఒళ్ళునొప్పులకు ఒకటి, జలుబు మాత్రలో మరొకటి అని లెక్క లేకుండా 650 మి.గ్రా. మాత్రలు మింగేవారికి ఇది వర్తిస్తుంది. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్‌లతో మద్యం కలిస్తే జీర్ణాశయంలో పుండు పడి రక్తస్రావం కలగవచ్చు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేటు మాత్రలు, ప్రజోసిన్ వంటి రక్తపోటు మందులు తాగినవారిలో తల తిరిగి పడిపోయేటట్లు చేస్తాయి. జలుబుకు వాడే క్లోర్‌ఫెనిరమిన్ నిద్రమత్తును పెంచుతుంది. ఆ స్థితిలో బండి నడపరాదు.

దావత్ ఉన్న రోజు మందు మానుట

పెళ్ళి, దావత్, పండుగ ఉన్న రోజున "ఈ పూట తాగుతున్నాను గనుక మాత్ర మానేస్తాను" అనుకునేవారు చాలామంది. ఇది జాగ్రత్తగా కనిపించినా రెండు విధాల చెడ్డది. డయజెపాం వంటి మందులు ఒక రోజు మానినంత మాత్రాన శరీరం నుండి పోవు. దాని ప్రభావం రోజుల తరబడి ఉంటుంది. రెండవది, మూర్ఛ మందు గానీ, గుండె మందు గానీ ఆపిన రోజునే జబ్బు తిరగబెట్టవచ్చు. మూర్ఛరోగికి మద్యం, నిద్రలేమి, మాత్ర మానుట మూడూ ఒకే రాత్రి కలిసివస్తాయి. మానవలసినది ఏదో వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. "నేను తాగుతాను, ఎప్పుడు తాగవచ్చు, ఎప్పుడు తాగకూడదు?" అని సూటిగా అడిగిన రోగికి సూటిగా జవాబు చెప్పుట వైద్యుని విధి.

కనిపించని ఆల్కహాలు

ఆయుర్వేద ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి తయారుచేసేవి గనుక వాటిలో సహజంగానే ఆల్కహాలు పుడుతుంది. సీసా మీద దాని శాతం ముద్రించి ఉంటుంది. కొన్ని దగ్గు మందులలో, హోమియో టింక్చర్లలో కూడా ఉంటుంది. చెంచాడు మోతాదులో ఇవి చాలామందికి హాని చేయవు గానీ, డైసల్ఫిరాం వాడేవారికి చెంచాడైనా ఎక్కువే. మద్యం ముట్టని ఇళ్ళలో ఈ సంగతి తెలియక టానిక్కుగా వాడుతుంటారు.

అత్యవసర పరిస్థితి

తాగి మందు వేసుకున్న మనిషి పిలిచినా, గిచ్చినా పలకకపోవుట, శ్వాస నెమ్మదించి ఆగి ఆగి రావుట, పెదవులు నీలిబారుట, ఒళ్ళు చల్లబడుట, ఫిట్స్ రావుట అపాయ సూచనలు. వెంటనే 108 వాహనాన్ని పిలిపించాలి. అది వచ్చేలోగా మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వాంతి చేయించుటకు ఉప్పునీళ్ళు పోయుట, స్పృహ లేనివాని నోట మజ్జిగ పోయుట చేయరాదు. వేసుకున్న మాత్రల అట్టలు, తాగిన సీసా ఏవైనా దొరికితే ఆసుపత్రికి వెంట తీసుకుపోవాలి. కల్లు తాగి ఉంటే ఆ మాట, ఏ దుకాణంలో తాగినదీ చెప్పాలి. మత్తు అలవాటు మానదలచినవారికి 14446, మానసిక వైద్య సలహాకు టెలీ-మానస్ 14416 ఉచిత ఫోను సేవలు అందుబాటులో ఉన్నాయి.